సీదాగా అమ్మాలంటే

"నడుమ గీ కంపెనీ ఎందుకన్నా, డొమైన్ నువ్వే సీదా ఇయ్యరాదూ?" నవీపేట్‌లో వెబ్‌సైట్లు చేసిపెట్టే నన్ను చాలామంది అడిగే మాట ఇది. మేకల సంత నడిచే ఊరు మరి, నడుమ మనిషి కనబడితే అతనెంత తింటున్నాడోనని లెక్క వేస్తారు. ఆ లెక్క నేనూ వేసి చూశాను.

డాట్ కామ్ పేర్ల అసలు చిట్టా అమెరికాలోని వెరిసైన్ దగ్గర ఉంటుంది. అందులో నేరుగా పేరు ఎక్కించగలిగేది, డొమైన్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ గుర్తింపు పొందిన రిజిస్ట్రార్ మాత్రమే. నాలాంటి రీసెల్లర్ అతని కింద అమ్ముకుంటాడు. నిజామాబాద్ యార్డులో పసుపు రాశి పోసే రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. అడ్తి దుకాణంలో గుమాస్తా ఎంత హుషారైనా లైసెన్సు మాత్రం సేటు పేరునే ఉంటుంది.

1999 దాకా ఆ సేటు కూడా ఒక్కడే, నెట్‌వర్క్ సొల్యూషన్స్. అంతకు ముందు ఏడాదే పుట్టిన ఐకాన్, ఆ ఏప్రిల్‌లో ఐదు సంస్థలకు ప్రయోగంగా తలుపు తీసింది.

ఇప్పుడు ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. రుసుము 3,500 డాలర్లు, కాదన్నా తిరిగి రాదు. గుర్తింపు వస్తే ఏటా 4,000 డాలర్లు, ఆపైన అమ్మిన ప్రతి పేరుకూ కొన్ని సెంట్లు. చేతిలో 70,000 డాలర్ల మూలధనం ఉన్నట్టు చూపాలి. ఇంతా అయ్యాక వెరిసైన్‌తో వేరే ఒప్పందం, మన సర్వర్ వాళ్ల సర్వర్‌తో ఈపీపీ పద్ధతిలో తప్పుల్లేకుండా మాట్లాడుతుందని పరీక్ష. నిజం చెప్పాలంటే నేను డబ్బు దగ్గరే ఆగాను. కానీ 2013 నాటి రిజిస్ట్రార్ ఒప్పందం చదివాక, డబ్బున్నా ఆగేవాణ్ణే అనిపించింది.

అది అమ్మకపు హక్కు రాసిచ్చిన కాగితంలా ఉండదు, పూచీకత్తులా ఉంటుంది. పేరు గడువు ముగిసేలోపు రిజిస్ట్రార్ దాని యజమానికి రెండుసార్లు గుర్తుచేయాలి. తన దగ్గర కొన్న పేరుతో ఎవరైనా మోసం చేస్తున్నారని పోలీసుల నుంచి ఫిర్యాదొస్తే 24 గంటల్లో చూడాలి. ఖాతాదారుల వివరాల నకలు రోజూ గానీ వారానికోసారి గానీ మూడో సంస్థ దగ్గర భద్రపరచాలి. దాన్నే ఎస్క్రో అంటారు. ఆ షరతు మొదటినుంచీ ఉన్నా గట్టిగా అమలైంది మాత్రం రిజిస్టర్‌ఫ్లై అనే రిజిస్ట్రార్ కూలాకనే. 2007లో ఐకాన్ ఆ సంస్థ గుర్తింపు రద్దు చేసేసరికి లక్షల పేర్లు గాల్లో వేలాడాయి. చివరికి గోడాడీ అనే మరో రిజిస్ట్రార్ వాటిని చేరదీసింది.

ఈ షరతులు నలిగేది ఐకాన్ బహిరంగ సమావేశాల్లో. వాటిలో 57వది 2016 నవంబర్‌లో హైదరాబాద్ హెచ్ఐసీసీలోనే జరిగింది. ప్యూర్టోరికోలో జరగాల్సింది, జికా భయంతో మన దగ్గరికొచ్చింది. 

డాట్ ఇన్ దారి వేరు. దానికి గుర్తింపు ఇచ్చేది మన దేశపు నిక్సీ. తెలుగులో రాసే డాట్ భారత్ కూడా దాని చేతిలోదే. నా మాట అడిగితే, ఊళ్లో కిరాణా కొట్టుకు డాట్ ఇన్ చాలు.

గిరాకీలు ధర అడుగుతారు తప్ప రిజిస్ట్రార్ ఎవరని అడగరు. పేరు ఎవరి పేరున ఎక్కుతోందని అసలే అడగరు. నేను కొనేవాడి పేరే రాసి, అతని ఈమెయిలే ఇవ్వమంటాను. డాట్ కామ్‌కైతే 15 రోజుల్లో ఆ ఈమెయిల్ ధ్రువపడకపోతే రిజిస్ట్రార్ పేరును నిలిపేయొచ్చు. "నీదే పెట్టన్నా, నాకు మెయిల్ చూసుడు రాదు" అంటారు. అప్పుడు ఇంట్లో చదువుకున్న కొడుకునో కోడలినో పిలిపించమంటాను. వాళ్లు వచ్చేదాకా ఫారం నింపను.