నరం పట్టే చెయ్యి

వరంగల్ ఎంజీఎం దవాఖాన చుట్టుపక్కల ల్యాబుల్లో పొద్దున్నే పరగడుపు జనం. "అవ్వా, పిడికిలి బిగించు" అంటూనే టెక్నీషియన్ రబ్బరు పట్టీ కట్టి, కంటికి కనిపించని నరాన్ని వేలికొనతో పట్టేస్తాడు. మనం మెచ్చుకునేది అంతవరకే. అసలు పనితనం ఆ తర్వాతిది.

గ్లూకోజుకు బూడిదరంగు మూత ట్యూబు. అందులోని ఫ్లోరైడ్, రక్తకణాలు చక్కెరను తినెయ్యకుండా ఆపుతుంది. మరో షుగర్ పరీక్ష హెచ్‌బీఏ1సీకి ఊదారంగు మూత. దాన్ని కుదపడు, మెల్లగా తిరగేస్తాడు. ఫలితం 6.5 శాతమో, ఆపైనో ఉంటే షుగరని తేలుతుంది, ఏ రకమో తేలదు.

సన్నటి మనిషికి మాత్రలతో షుగర్ దిగకపోతే ఆ రకం తేల్చడానికి డాక్టర్ సీ-పెప్టైడ్, గ్యాడ్ యాంటీబాడీ పరీక్షలు రాయవచ్చు. క్లోమం ఇన్సులిన్‌తో పాటు సమానంగా సీ-పెప్టైడ్‌నూ వదులుతుంది. ఇన్సులిన్ సూదిమందులో సీ-పెప్టైడ్ ఉండదు. అందుకే ఇంజెక్షన్ వేసుకునేవాళ్లలోనూ ఒంట్లో సొంతంగా ఎంత ఇన్సులిన్ ఊరుతోందో అంచనా దొరుకుతుంది. గ్యాడ్ పాజిటివ్ అయితే, ఒంటి రక్షణ వ్యవస్థే క్లోమం మీద తిరగబడిందని, టైప్ 1 అని అనుమానం బలపడుతుంది.

సీ-పెప్టైడ్ నమూనా సుకుమారం. రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, సీరం వేరుచేసి, వెంటనే చల్లబెట్టాలి. ఇంత చేసినా ట్యూబు తారుమారైతే వృథానే. అందుకే పేరు, వయసు మన నోటితో చెప్పించుకుని ట్యూబు మీద రాసే టెక్నీషియన్ ఉన్న ల్యాబుకే నా ఓటు.