పురుడు పోయని అమ్మ

"నువ్వూ తల్లివైతేగానీ తల్లి మనసు తెలీదే!" అని కూతురితో ఒక్కసారైనా అనని తల్లి మనలో ఉంటుందనుకోను. మా అమ్మ నాతో అంది. నేను మా అమ్మాయితో అన్నాను. మొన్న అది పురిటికి వచ్చింది. మనవడికి ఇరవయ్యో రోజు. రాత్రి రెండు గంటలప్పుడు వాణ్ణి భుజాన వేసుకుని తిప్పుతూ, ఇక దీనికి నా మనసు తెలిసొస్తుంది గదా అని లోలోపల మురిసిపోతున్నాను. అదేమో పిల్లాడి వంకే చూస్తూ, "అమ్మా, వీణ్ణి వదిలి అరగంట ఉండలేకపోతున్నాను. నన్ను మూడో నెలలో నాయనమ్మకి అప్పగించి నువ్వు ఉద్యోగానికి ఎలా వెళ్ళగలిగావు?" అంది.

దెప్పినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. అందుకే నాకు జవాబు దొరకలేదు.

ఆ మాట మనసులో మెదులుతుండగానే ఇంగ్మార్ బెర్గ్‌మన్ తీసిన 'ఆటమ్ సొనాటా' మళ్ళీ చూశాను. 1978 నాటి స్వీడిష్ సినిమా. పాటల్లేవు, పోరాటాల్లేవు. ఒక ఇల్లు, ఒక రాత్రి, ఇద్దరాడవాళ్ళు. అయినా కూర్చున్నచోటు నుంచి లేవనివ్వదు.

కథ టూకీగా ఇదీ. షార్లెట్ దేశాలు తిరిగి కచేరీలు చేసే పియానో విద్వాంసురాలు. కూతురు ఈవా ఒక పాస్టరుగారి భార్య. తల్లీకూతుళ్ళు మొహాలు చూసుకుని ఏడేళ్ళయింది. తల్లికి కావలసిన మనిషి పోయాడని విని, వచ్చి నాలుగు రోజులుండమని ఈవా ఉత్తరం రాస్తుంది. ఆవిడ వస్తుంది. తీరా వచ్చాక, తాను వైద్యశాలలో వదిలేసిన రెండో కూతురు హెలీనాని కూడా ఈవాయే తెచ్చి సాకుతోందని తెలుస్తుంది. అప్పుడు ఆ తల్లి మొహం చూడాలి!

సాయంత్రం ఈవా, షోపాన్ కట్టిన చిన్న ముక్కొకటి పియానో మీద వాయిస్తుంది, అమ్మ మెచ్చుకుంటుందని. అమ్మ పక్కన కూర్చుని, అదే ముక్కను ఎలా వాయించాలో వాయించి చూపిస్తుంది. కూతురు ఆ వేళ్ళను చూడదు, అమ్మ మొహాన్నే చూస్తుంది. పెద్దయ్యాక కూడా అమ్మ ముందు పసిపిల్లలా నిలబడిన వాళ్ళందరికీ ఆ చూపు తెలుసు.

ఈవాకి ఎరిక్ అని ఒక్క కొడుకు. నాలుగేళ్ళు నిండకుండానే నీళ్ళలో పడి పోయాడు. వాడి గదిని ఆవిడ అలాగే ఉంచుకుంది. వాడు కడుపున ఉన్నప్పుడు షార్లెట్ రాలేదు. రికార్డింగులట, తీరిక లేదట! తొలిచూలు పురుడు పుట్టింట్లో పోసే మనకు ఈ ఒక్క సంగతి చాలు, ఆవిడకి ఏ శిక్ష వేయాలో తేల్చేస్తాం.

మన పాత మాట ఇక్కడే బెసుకుతుంది. తల్లయింది గదా అని ఈవా తన తల్లిని క్షమించలేదు. బిడ్డని ఒళ్ళో వేసుకున్నాక, తనకేం దక్కలేదో ఆవిడకి ఇంకా స్పష్టంగా తెలిసిందని నాకనిపిస్తుంది. చిన్నప్పుడు లోపమంతా తనదే అనుకునేది. ఎరిక్ ఆవిడ చేతికి ఒక కొలత ఇచ్చిపోయాడు. అర్ధరాత్రి దాటాక ఆ కొలతతోనే తల్లిని నిలదీస్తుంది.

మరి షార్లెట్? తన తల్లిదండ్రులు తనని దగ్గరికి తీసుకున్న జ్ఞాపకమే లేదంటుంది. సంగీతంలో తప్ప మనసు విప్పడం చేతకాలేదంటుంది. ఇంకా విడ్డూరం, కూతురే తనని పట్టుకుని ఓదార్చాలని కోరుకున్నానంటుంది. ఆ మాటకి కోపమొస్తుంది, జాలీ వేస్తుంది.

ఈ వేషం వేసిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి దర్శకుడితో చుట్టరికం లేదు, ఇంటిపేరే కలిసింది. 1949లో ఆవిడ పదేళ్ళ కూతుర్ని అమెరికాలో వదిలి ఇటలీ వెళ్ళి, ఏళ్ళ తరబడి ఆ పిల్లకి దూరమైంది. తల్లి మరీ ఇంత కఠినంగా ఉంటుందా అని చిత్రీకరణలో దర్శకుడితో వాదించిందట. వెండితెర మీద ఆవిడకిదే చివరి చిత్రం, 1982లో కన్నుమూసింది. ఈవాగా వేసిన లివ్ ఉల్మన్‌కీ, దర్శకుడికీ పుట్టిన లిన్ అనే అమ్మాయే చిన్ననాటి ఈవాగా కనిపిస్తుంది. ఎవరి గాయం ఎవరిదో విడదీయడం కష్టమే!

అయితే నాకొక ఫిర్యాదుంది. హెలీనా జబ్బుకి కూడా తల్లినే తప్పుపడుతుంది ఈవా. మరి ఆ పిల్లల తండ్రి? గతం చూపించిన దృశ్యాల్లో ఆయన పక్కనే మౌనంగా కూర్చుని ఉంటాడు. మీరేం చేశారండీ అని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. అంత పెద్ద దర్శకుడికీ ఆ ప్రశ్న తోచలేదు. మా అమ్మాయి కూడా నన్నే అడిగింది గాని, పక్కగదిలో గుర్రుపెట్టి నిద్రపోతున్న వాళ్ళ నాన్నని అడగలేదు సుమండీ!

చివరికి షార్లెట్ రైలెక్కి వెళ్ళిపోతుంది. ఈవా మళ్ళీ ఉత్తరం రాస్తుంది, ఈసారి క్షమించమని. తల్లి ఆ ఉత్తరాన్ని ఎలా తీసుకుంటుందో మనకి తెలియనివ్వకుండా సినిమా ముగుస్తుంది.

నేను ఉత్తరం దాకా రానివ్వదలచుకోలేదు. మర్నాడు పిల్లాడికి నీళ్ళు పోశాక చెప్పాను. "ఆ రోజుల్లో సెలవు మూడు నెలలే. ఇంటి అద్దె నా జీతంలోంచే కట్టేవాళ్ళం. మధ్యాహ్నానికి పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతే, కొంగు కప్పుకుని పాఠం చెప్పేదాన్ని. అలా వెళ్ళానే. ఉద్యోగం నాకిష్టం కూడా, అదీ దాచను."

అది ఏమీ అనలేదు. క్షమించిందో లేదో నేనూ అడగలేదు. కాసేపటికి పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టి, "ఒక్క గంట పడుకుంటానమ్మా" అని అటు తిరిగి పడుకుంది.

అరగంట కూడా వదల్లేనన్న పిల్ల!