‘మందలింపు’ అనే మాట: ‘దిద్దుబాటు’ కథ

సాలూరులో ఒక పిల్లవాడు “మా మాస్టారు నన్ను మందలించారు” అంటే, తప్పు చెప్పి మెత్తగా కోప్పడ్డారని మీకు తెలుస్తుంది. తెలంగాణ పల్లెల్లో మందలించడమంటే పలకరించడం, మంచిచెడ్డలు అడగడం. చావు జరిగిన ఇంటికి వెళ్లి ఓదార్చి రావడానికీ ఈ మాటే వాడతారు. నెల్లూరు వైపు ‘ఏం మందల?’ అంటే ఏమిటి సంగతి అని. వీటిలో ఒకటే సరైనదని తీర్పు చెప్పడానికి తొందరపడకండి. పక్కపక్కన పెట్టి చూడండి. మందలించేవారు ముందు మనిషిని పలకరిస్తారు, తరువాతే తప్పు ఎత్తుతారు. ఇది వ్యుత్పత్తి కాదు, వాడుకను బట్టి నేను చెబుతున్న మాట.

తిట్టడానికి, కసరడానికి చనువు అక్కర్లేదు. దారినపోయేవాడైనా తిట్టగలడు. మందలించడానికి చనువో పెద్దరికమో ఉండాలి.

ఇప్పుడు విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ (1910) కథ మరోసారి చదవండి. గోపాలరావు వేశ్యల పాటకు మరిగి రాత్రుళ్లు ఆలస్యంగా ఇంటికి చేరుతుంటాడు. భార్య కమలిని ఉత్తరం రాసిపెట్టి, పుట్టింటికి వెళ్లిపోయినట్టు నమ్మిస్తుంది. ఆ ఉత్తరంలో తిట్టు లేదు. తాను ఇంట్లో ఉండటం వల్లే భర్త అబద్ధాలాడవలసి వస్తోందని నేరం తన మీదే వేసుకుంటుంది. పిలుపులో కూడా చనువు పోయి మర్యాద వస్తుంది. అతణ్ణి కుదిపేది ఆ మర్యాదే. నౌకరు రాముడు మాత్రం ఆడవాళ్లకు చదువు చెప్పించడమే తప్పంటాడు. ఆ కాలపు ఇంట్లో పెద్దరికం భర్తది. ఇక్కడ మందలించింది భార్య. కథలోని సాహసం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

చివర కమలిని మంచం కింద నుంచి నవ్వుతూ బయటపడుతుంది. నిజంగా వెళ్లిపోయి ఉంటే అది శిక్ష అయ్యేది. నవ్వు దాన్ని మందలింపుగానే నిలిపింది. అయినా భర్తకు అంత సులువుగా క్షమ దొరకడం నాకు పూర్తిగా నచ్చదు.

పత్రికల్లో ‘తండ్రి మందలించాడని ఇల్లు విడిచిన బాలుడు’ వంటి శీర్షికలు మీరు చూసే ఉంటారు. నెమ్మదిగా చెప్పినా, నలుగురిలో అవమానించినా అక్కడ ఇదే మాట. ఏం జరిగిందో ఆ మాట కప్పేస్తుంది. పాచిపెంట, మక్కువ కొండల నుంచి హాస్టలుకు వచ్చి, ఇంట్లో కువి, బడిలో తెలుగు మాట్లాడే పిల్లవాణ్ణి తలుచుకోండి. పెద్దలు మందలింపు అనుకున్నది, పరిచయం లేని గొంతులోంచి వస్తే వాడికి తిట్టుగానే వినిపిస్తుంది.

అభ్యాసం: మీ ఊళ్లో ఎవరు ఎవరిని ‘మందలించారు’ అంటున్నారో వారం రోజులు విని రాసుకోండి. ‘కూతురు తండ్రిని మందలించింది’ అనే వాక్యం మీ ఇంట్లో చదివి వినిపించి, పెద్దలు ఏమన్నారో కూడా రాయండి.