చూసిపోయేవాళ్లు, మళ్లీ వచ్చేవాళ్లు

గదంతా మంటలు. మధ్యలో బల్ల ముందు చిన్న టోపీ పెట్టుకున్న కుక్క ఒకటి, ఎదురుగా కాఫీ కప్పు. అంతా సవ్యంగానే ఉన్నట్టు నింపాదిగా కూర్చుని ఉంటుంది. షేర్ మార్కెట్ కూలినప్పుడో, ఎన్నికల ఫలితాలు వచ్చినప్పుడో, ఆఫీసులో ప్రాజెక్టు తలకిందులైనప్పుడో ఈ బొమ్మ మీ ఫోన్లోకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. దాన్ని గీసింది కె.సి. గ్రీన్ అనే అమెరికన్. ‘గన్‌షో’ అనే తన వెబ్‌కామిక్‌లో 2013 జనవరిలో పెట్టిన ఆరు ప్యానెళ్ల స్ట్రిప్ అది. లోకం చుట్టి వస్తున్నది అందులో మొదటి రెండు ప్యానెళ్లే. చివరికి ఆ కుక్క మొహం వేడికి కరిగి కారిపోతుందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఇప్పుడు గ్రీన్‌ని, మీ పాఠకులు ఎంతమందని అడిగితే ఏ అంకె చెప్పాలి? బొమ్మ చూసినవాళ్లు కోట్లలో ఉంటారు. గన్‌షో అనే పేరు విన్నవాళ్లు వాళ్లలో ఏ మూలకీ రారు. 2016లో రిపబ్లికన్ పార్టీ ట్విటర్ ఖాతా ఆ బొమ్మను డెమొక్రాట్లను ఎద్దేవా చేయడానికి వాడుకుంది. గ్రీన్‌కి అది నచ్చలేదు. ఆగస్టులో ‘ది నిబ్’ అనే కార్టూన్ల సైట్ కోసం అదే కుక్కను మళ్లీ గీశారు. ఈసారి అది బెంబేలెత్తి లేచి మంటలార్పుతుంది. ఆ ఏడాదే ఆ కుక్కను మెత్తటి ఆటబొమ్మగా చేయిస్తామని కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగితే జనం ఇచ్చారు. ఇచ్చినవాళ్లకు పేరూ చిరునామా ఉన్నాయి. బొమ్మ చూసి పక్కవాడికి పంపిన కోట్లమందికి అవి లేవు.

వెబ్‌కామిక్ గీసే ప్రతివాళ్ల మనసులోనూ ఈ రెండు పద్దులు ఉంటాయి. చూసిపోయేవాళ్లది ఒకటి, మళ్లీ వచ్చేవాళ్లది ఒకటి. మొదటిది పెరిగితే ఆ పూటకి సంబరం. రెండోది పెరిగితే కాస్త నిద్ర పడుతుంది. ఈ కళలో పుట్టిన మెలకువల్లో చాలా వరకు మనిషిని మొదటి పద్దులోంచి రెండో పద్దులోకి లాగడానికి పుట్టినవేనని నా అభిప్రాయం.

పత్రికల కాలంలో ఈ తంటా లేదు. బిల్ వాటర్సన్ ‘కాల్విన్ అండ్ హాబ్స్’ 1985 నుంచి 1995 దాకా నడిచింది. ఒక దశలో 2,400కు పైగా పత్రికల్లో వచ్చేది. ఆ పత్రికలు కొన్నవాళ్లలో స్ట్రిప్ చదివిందెవరో, ఆటల పేజీ తిప్పి పక్కన పడేసిందెవరో వాటర్సన్‌కి తెలిసే దారి లేదు. మన వారపత్రికల కార్టూనిస్టులకైతే ఆ మాత్రం లెక్కా అందేది కాదు. సర్క్యులేషన్ ఎంతో ఎడిటర్ గారు చెబితే తెలియాలి. కార్టూన్ నవ్వించిందో లేదో ఉత్తరాల శీర్షికలో ఎవరైనా ఒక వాక్యం రాస్తే తెలియాలి. గీసి, కవర్లో పెట్టి పంపి, మనియార్డరు కోసం ఎదురుచూడటమే.

వెబ్ వచ్చి ఈ తెర తీసేసింది. 1997లో పీట్ అబ్రమ్స్ ‘స్లగ్గీ ఫ్రీలాన్స్’, 1998లో జెర్రీ హోల్కిన్స్, మైక్ క్రాహులిక్‌ల ‘పెన్నీ ఆర్కేడ్’ మొదలయ్యాయి. అప్పటి నుంచీ గీసినవాళ్లు పొద్దున్నే పళ్లు తోముకోకముందే నిన్న ఎంతమంది వచ్చారో, ఎటు నుంచి వచ్చారో, ఏ పేజీ దగ్గర లేచిపోయారో చూసుకోగలుగుతున్నారు. పదిమంది వస్తే పదిమందేనని తెలిసిపోతుంది. అందులో ముగ్గురు చుట్టాలేనని కూడా తెలిసిపోతుంది. అచ్చులో ఎవరూ చదవని కార్టూన్‌కి కూడా పక్కనున్న సీరియల్ నీడలో పరువు దక్కేది. వెబ్‌లో ఆ నీడ లేదు.

అందుకే వాయిదా తప్పకపోవడం ఇక్కడ మొదటి విద్య. సోమ, బుధ, శుక్రవారాలని ఈ లోకంలో ఒక ఆనవాయితీ పాతుకుపోయింది. రాండల్ మన్రో ‘ఎక్స్‌కేసీడీ’ వచ్చేది ఆ మూడు రోజులే. చెప్పిన రోజున కొత్త బొమ్మ ఉంటే పాఠకుడికి అలవాటవుతుంది. రెండుసార్లు వచ్చి పాతదే చూసి వెళ్తే మూడోసారి రాడు. ఇందుకోసం ‘బఫర్’ పెట్టుకుంటారు. అంటే ఇవాళ గీసింది ఇవాళే పెట్టరు. కొన్ని వారాలకు సరిపడా ముందే గీసి దాస్తారు. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లయినా అందులోంచి తీసి పెడతారు. హోవర్డ్ టేలర్ ‘ష్లాక్ మర్సినరీ’ అనే అంతరిక్ష హాస్యకథను 2000 జూన్‌లో మొదలుపెట్టి 2020 జూలైలో ముగించారు. ఇరవై ఏళ్లు, ఆదివారాలతో సహా, రోజూ. తొలినాళ్ల బొమ్మలు చూస్తే ఈయనకు గీయడం వచ్చా అనిపిస్తుంది. అయినా జనం వచ్చారు, ఎందుకంటే పొద్దున లేచేసరికి అది అక్కడ ఉండేది.

అసలు గీయకుండానే గీసిన ఘనుడు ఒకరున్నారు. కెనడాకు చెందిన ర్యాన్ నార్త్ 2003లో ‘డైనోసార్ కామిక్స్’ మొదలుపెట్టారు. ఆరు ప్యానెళ్లు. ఒక టీ-రెక్స్, దాని మిత్రులు, దాని కాలి కింద నలగబోతున్న చిన్న ఇల్లు. మర్నాడూ అవే బొమ్మలు. ఆ మర్నాడూ అవే. మారేది మాటలొక్కటే. ఒక రోజు భాషాశాస్త్రం, ఒక రోజు ప్రేమ, ఒక రోజు కాలప్రయాణం. మొదటిసారి వచ్చినవాడికి ఇది సోమరితనంలా కనిపిస్తుంది. వారం రోజులు చదివినవాడికి, ఈసారి ఆ ఇల్లు నలిగే ప్యానెల్లో ఏ మాట ఇరికిస్తాడా అని ఆత్రం పుడుతుంది. ఈ హాస్యం మళ్లీ వచ్చేవాడికి మాత్రమే అందుతుంది. ఒక్క స్ట్రిప్ కత్తిరించి వాట్సాప్‌లో పంపితే అందులో సగం రుచి పోతుంది. మన్రో చేసే చిన్న చమత్కారమూ ఈ కోవదే. ఎక్స్‌కేసీడీ బొమ్మ మీద మౌస్ బాణం కాసేపు ఆపితే ఇంకో జోకు పైకి తేలుతుంది. సైట్‌కి వచ్చినవాళ్లకే ఆ రెండో జోకు. ఫార్వర్డ్ అయిన బొమ్మలో అది ఉండదు.

దీర్ఘకథల బాధ వేరు. అయిదొందల పేజీలు నడిచిన కథకు కొత్త పాఠకుడు వస్తే ‘మొదటి పేజీ’ అనే మీట నొక్కుతాడు. అక్కడ ఉండేదేమో గీసినవాళ్ల చేతివాటం ఇంకా కుదరని కాలం నాటి బొమ్మ. అందుకే చాలామంది తొలి అధ్యాయాన్ని మళ్లీ గీస్తారు. కథ ముందుకు పోవాల్సిన నెలలు అలా వెనక్కి పోతాయి. ఇప్పటి పాఠకుల్ని ఆపి, రాబోయే పాఠకుల కోసం పనిచేయడమన్నమాట. నన్నడిగితే ఇది తప్పు. మొదటి పేజీ చూసి వెళ్లిపోయేవాడు రెండో పేజీ చూసైనా వెళ్లిపోతాడు.

పేరు బాగా వచ్చాక మళ్లీ వచ్చేవాళ్ల కోసమే ఒక పెద్ద పని చేసిన సందర్భం చెప్పాలి. 2013 మార్చి 25న మన్రో ‘టైమ్’ అనే కామిక్ పెట్టారు. ఒకే ఒక్క ప్యానెల్: ఇద్దరు గీతల మనుషులు సముద్రపు ఒడ్డున కూర్చుని ఉన్నారు. మాట లేదు. ఎప్పటిలా వచ్చి చూసినవాళ్లకు అది అర్థం కాలేదు. అరగంట తర్వాత మళ్లీ చూసినవాళ్లకు బొమ్మ కొద్దిగా మారి కనిపించింది. తర్వాత గంటకోసారి మారుతూ, ఇసుక కోట పెరుగుతూ, సముద్రం పైకొస్తూ, ఆ ఇద్దరూ కొండల వైపు ప్రయాణం కడుతూ 123 రోజులు సాగింది. మొత్తం 3,099 చిత్రాలు. అందులో ఒకచోట రాత్రి ఆకాశం వస్తుంది. పట్టువదలని పాఠకులు ఆ నక్షత్రాల స్థానాలు లెక్కగట్టి, ఇది దాదాపు 11,000 ఏళ్ల తర్వాతి భూమి అని తేల్చారు. ఆ రోజుల్లో ఎక్స్‌కేసీడీ చూసే లక్షల మందిలో ఇలా కాపు కాసినవాళ్లు కొద్దిమందే. నాలుగు నెలల ఆ కథ వాళ్లకే పూర్తిగా అందింది. సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో అవార్డు 2014లో దానికి వచ్చింది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2000లో కార్టూనిస్టు స్కాట్ మెక్‌క్లౌడ్ ‘రీఇన్వెంటింగ్ కామిక్స్’ పుస్తకంలో, పాఠకుడు నేరుగా గీసినవాళ్లకే చిల్లర చెల్లించే రోజు వస్తుందన్నారు. 2003లో తన కథను బిట్‌పాస్ అనే సంస్థ ద్వారా పావు డాలరుకి అమ్మిచూశారు. ఇవ్వాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చినా జనం ఉచితంగా దొరికేచోటికి పోతారని ఇంటర్నెట్ గురించి రాసే క్లే షిర్కీ అప్పుడే వాదించారు. 2007లో బిట్‌పాస్ మూతపడింది. ఆ మరుసటి ఏడాది రచయిత కెవిన్ కెల్లీ ఇంకో లెక్క చెప్పారు: ఏటా 100 డాలర్లు ఖర్చుపెట్టే నిజమైన అభిమానులు 1,000 మంది ఉంటే కళాకారుడు బతికిపోతాడు. 2013లో, అభిమానులు నెలనెలా చందా కట్టే పేట్రియాన్ వచ్చాక ఈ లెక్క చాలామందికి ఊరటనిచ్చింది. తిరకాసు ఒకటే. ఆ వెయ్యిమంది చేతికి దొరకాలంటే ఉచితంగా చదివేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉండాలి. పద్దులు రెండూ ఒకదాన్నొకటి వదిలిపెట్టవు.

కొరియాలో ఈ పాఠకుల అంకెను కళాకారుడి నుదుటి మీదే రాసిపెట్టారు. అక్కడ 2003లో కాంగ్ ఫుల్ డౌమ్ పోర్టల్లో పెట్టిన ప్రేమకథతో పైనుంచి కిందికి జారే కథనం స్థిరపడింది. 2004లో నేవర్ సంస్థ ఇలాంటి కథల్లోకి, అంటే వెబ్‌టూన్లలోకి దిగింది. ఫోన్ పట్టుకుని వేలితో జరుపుతుంటే బొమ్మకీ బొమ్మకీ మధ్య ఖాళీ కాలమైపోతుంది. ఖాళీ ఎక్కువైతే నిశ్శబ్దం, తక్కువైతే పరుగు. పుస్తకంలో పేజీ తిప్పితే తప్ప దాచలేని ఆశ్చర్యాన్ని ఇక్కడ ఎక్కడైనా దాచొచ్చు, తెర అంచు కింద ఏముందో ఎవరికీ కనపడదు గనుక. చాలా అందమైన పద్ధతి. కానీ ప్రతి భాగం చివరా నక్షత్రాల రేటింగు, ఏ వారం ఏ కథ ముందుందో చూపే వరుస, కొత్తవాళ్లు అందరికీ తెరిచి ఉంచిన మెట్టు నుంచి మెప్పు పొంది పైకెక్కాల్సిన నిచ్చెన, వారం వారం పదుల కొద్దీ రంగు బొమ్మలు. ‘సోలో లెవెలింగ్’ చిత్రకారుడు జాంగ్ సంగ్-రాక్ 2022 జూలైలో 37వ ఏట మెదడులో రక్తస్రావంతో చనిపోయారు. ఆయనకు అంతకుముందే అనారోగ్యం ఉంది. అయినా ఆ మరణంతో వెబ్‌టూన్ గీసేవాళ్ల పనిగంటల మీద అక్కడ గట్టి చర్చ లేచింది. వాయిదా తప్పకూడదన్న పాత సుగుణం, దాని పగ్గాలు వేరొకరి చేతికి పోయాక, ఇలాంటిచోటికి తీసుకెళ్తుంది. టేలర్ తన ఇరవై ఏళ్ల బఫర్‌కి తనే యజమాని.

మనదేశంలో అంకెకు ఇంకో ముఖం ఉంది. రచితా తనేజా 2014లో ‘శానిటరీ ప్యానెల్స్’ మొదలుపెట్టారు. గీతల మనుషులు, రెండు మూడు మాటలు, రాజకీయం. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు మీద వేసిన కొన్ని కార్టూన్లకు ఆమెపై ధిక్కార చర్యకు అటార్నీ జనరల్ అనుమతినిచ్చారు, కోర్టు నోటీసు పంపింది. 2024లో ఆమెకు జెనీవాలో కోఫీ అన్నన్ పేరిట ఉన్న సాహస కార్టూనిస్టు పురస్కారం ఇచ్చారు. నలుగురు స్నేహితులు నవ్వుకున్నంత కాలం కార్టూన్ మీద కేసు పడదు. పాఠకులు పెరగడం అంటే గిట్టనివాళ్లు కూడా చదవడం.

తెలుగులో వారపత్రికలు ఒక్కొక్కటిగా మూతపడ్డాక కార్టూనిస్టులు ఫేస్‌బుక్కుకు చేరారు. అలవాటైన ఒక్క ప్యానెల్ జోకునే అక్కడా వేస్తున్నారు. లైకులు వస్తాయి, కొట్టేవాళ్లలో, నాకు కనిపించినంతలో, తోటి కార్టూనిస్టులే ఎక్కువ. ఫలానా రోజున ఫలానా కథ తరువాయి భాగం వస్తుందని ఎదురుచూసే అలవాటు మన పాఠకులకు కొత్త కాదు. మూడు తరాలు సీరియళ్ల మీదే పెరిగారు. ఆ అలవాటును తెలుగు బొమ్మల కథ ఇంకా పెద్దగా వాడుకోలేదు.

మళ్లీ వచ్చేవాళ్ల బలం ఎంతో, బరువు ఎంతో రెండూ తెలిసిన మనిషి రిచ్ బర్లూ. 2003 నుంచి ‘ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్’ గీస్తున్నారు. కత్తులూ మంత్రాల ఆటలోకంలో గీతల మనుషుల సాహసాలు. పాత సంపుటాలు అమ్ముడైపోయి దొరక్కపోవడంతో, 2012 ఆరంభంలో ఒక పుస్తకం మళ్లీ అచ్చేయడానికి కిక్‌స్టార్టర్‌లో 57,750 డాలర్లు అడిగారు. 14,952 మంది కలిసి 12,54,120 డాలర్లు ఇచ్చారు. తలకు సుమారు 84 డాలర్లు. వాళ్లలో చాలామంది ఆ కథను సైట్లో ఉచితంగా చదివేసినవాళ్లే. చందా మొత్తం ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా ఒక్కో కొత్త కథ, ఒక్కో బొమ్మ ఇస్తానని బర్లూ మాట ఇచ్చారు. ఆ సెప్టెంబరులో ఆయన చేతికి గట్టి గాయమైంది, స్ట్రిప్ నెలల తరబడి ఆగింది. పాఠకులు ఉన్నారు. ఇచ్చిన మాటల బాకీ తీరడానికి ఏళ్లు పట్టింది. స్ట్రిప్ 1,200వ భాగం దాటాక కూడా సాగుతూనే వచ్చింది. ఫలానా రోజున వస్తుందన్న హామీ లేదు, వారం వర్జ్యం ఏమీ లేదు. వచ్చిన రోజున మాత్రం అందరూ అక్కడే ఉంటారు.