షెడ్యూల్ 1-ఎ: చట్టాన్ని లెక్కగా మార్చిన రెండు పేజీలు

అమెరికాలో కొత్త ఫెడరల్ పన్ను చట్టంపై అధ్యక్షుడు 2025 జూలై 4న సంతకం చేశారు. అప్పటికి ఏడాదిలో సగం గడిచిపోయింది. అయినా వ్యక్తులకు సంబంధించిన చాలా మార్పులు ఆ ఏడాది జనవరి నుంచే వర్తించాయి. అప్పటికే అందుకున్న టిప్పులకు, చేసేసిన ఓవర్‌టైమ్‌కు, కొనేసిన కార్లకు కొత్త లెక్క కట్టాలి. జనం రిటర్నులు వేసే రోజులు వచ్చేసరికి ఆ లెక్కంతా ఒక ఫారంలో ఒదగాలి. ఆ బాధ్యత ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్‌ది. అక్కడివాళ్లు తయారుచేసిన కాగితమే షెడ్యూల్ 1-ఎ. రెండు పేజీలు, ఆరు భాగాలు, 38 లైన్లు. పన్ను కాగితాల్లో ఇంత పొందికగా కుదిరినది అరుదు. అందుకే దాన్ని దగ్గరగా చూడాలనిపించింది.

ఇందులో నాలుగు డిడక్షన్లున్నాయి. టిప్పుల మీద 25,000 డాలర్ల దాకా. ఓవర్‌టైమ్ మీద 12,500, దంపతులు కలిసి వేస్తే 25,000. కొత్త కారు అప్పు వడ్డీ మీద 10,000. అరవై అయిదేళ్లు నిండినవారికి తలా 6,000. ఆదాయం పెరిగేకొద్దీ నాలుగూ తగ్గుతాయి, కానీ అన్నీ ఒకే తీరుగా తగ్గవు. అసలు చిక్కు అక్కడే ఉంది, పనితనం తెలిసేదీ అక్కడే.

మొదటి భాగం మూడే లైన్లలో ముగుస్తుంది. సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం తీసుకుని, విదేశీ సంపాదన పేరుతో మినహాయించుకున్నది ఏమైనా ఉంటే తిరిగి కలపమంటుంది. ఆ మొత్తాన్ని ఒక్కసారి కడితే చాలు. తర్వాతి నాలుగు భాగాలూ మూడో లైన్లోని ఆ ఒక్క అంకెనే తెచ్చుకుంటాయి. చట్టంలో ఒక్కో డిడక్షన్ దగ్గరా ఈ నిర్వచనం విడివిడిగా రాసి ఉంది. ఫారం వాటన్నిటినీ ఒకచోటికి చేర్చింది.

ఇక టిప్పుల భాగానికి వద్దాం. ఒంటరివారి ఆదాయం 1,50,000 డాలర్లు దాటితే, దాటిన ప్రతి వెయ్యికీ వంద చొప్పున డిడక్షన్ తగ్గాలి. ఫారం ఈ వాక్యాన్ని నాలుగు పనులుగా విడగొట్టింది: తీసివెయ్యి, వెయ్యితో భాగించు, వందతో గుణించు, మళ్లీ తీసివెయ్యి. ఒక్కో లైనుకు ఒక్కటే పని. భాగించినప్పుడు పూర్ణసంఖ్య రాకపోతే? కింది సంఖ్యకు దించమంటుంది. 1.5 వస్తే 1, 0.05 వస్తే సున్నా అని ఉదాహరణ కూడా పక్కనే ఇచ్చింది.

కారు వడ్డీ భాగం చూస్తే లెక్క అచ్చం అలాగే కనిపిస్తుంది. ఇక్కడ హద్దు 1,00,000, కోత వెయ్యికి 200. కానీ భాగించాక మీది సంఖ్యకు పెంచమంటుంది: 1.5 వస్తే 2, 0.05 వచ్చినా 1. పొరపాటేమో అనిపిస్తుంది, కాదు. కారు వడ్డీ విషయంలో చట్టం ‘ప్రతి వెయ్యికి, లేదా అందులో కొంత భాగానికి’ అంది. టిప్పుల దగ్గర ఆ చివరి మాట లేదు. ఆ కాస్త తేడాను పట్టుకుని, ఒక లైన్లో దించమని, మరో లైన్లో పెంచమని రాశారు. ఒకరి ఆదాయం 1,04,200 డాలర్లు, కారు వడ్డీ 2,400 అనుకుందాం. దాటింది 4,200. భాగిస్తే 4.2, పెంచితే 5. కోత 1,000 పోగా 1,400 దక్కుతుంది. దించితే కోత 800 అయ్యేది. రెండు వందల డాలర్ల తేడా చట్టంలోని ఆ చిన్న మాట దగ్గర ఉంది. ఫారం రాసినవారు దాన్ని జారవిడవలేదు, మనచేత వెతికించనూ లేదు.

పెద్దల భాగంలో ఇంకో సొగసుంది. అమెరికా పన్ను లెక్కలో వయసు పుట్టినరోజుకు ముందు రోజే నిండుతుంది. ఈ నియమాన్ని వివరించడం మొదలుపెడితే ఒక పేరా పడుతుంది. ఫారం ఆ జోలికే పోకుండా ‘1961 జనవరి 2కు ముందు పుట్టారా’ అని అడిగి ఊరుకుంది. నియమం తెలియని తాతగారు కూడా తప్పకుండా జవాబు చెప్పగలరు. కోత లెక్క కూడా ఒక్కసారే కట్టాలి. అరవై అయిదు దాటిన దంపతుల ఆదాయం 1,80,000 అనుకుంటే హద్దు 1,50,000, దాటింది 30,000, అందులో ఆరు శాతం 1,800. ఆరువేలలో అది తీసేస్తే 4,200. అదే అంకెను ఆయనకొక లైన్లో, ఆమెకొక లైన్లో వేస్తే మొత్తం 8,400.

ఈ షెడ్యూల్‌కు ప్రధాన ఫారం 1040లో ఇచ్చిన చోటు కూడా ఆలోచించి ఇచ్చిందే. మొత్తం వచ్చి 13బి లైన్లో పడుతుంది. అది సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం తేలాక, స్టాండర్డ్ డిడక్షన్ వేశాక వచ్చే లైను. అందువల్ల రెండు సంగతులు తెలుస్తాయి. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నవారికీ ఇవి దక్కుతాయి. ఆ డిడక్షన్ 2025కు ఒంటరివారికి 15,750, దంపతులకు 31,500 డాలర్లయింది. రెండోది, ఆ స్థూల ఆదాయం మాత్రం మారదు. చాలా రాష్ట్రాలు తమ పన్నును అక్కడి నుంచే మొదలుపెడతాయి కాబట్టి రాష్ట్ర పన్ను దానంతటదే తగ్గిపోదు. ఈ నాలుగు డిడక్షన్లకూ గడువు 2028 దాకానే. ఆ తర్వాత పొడిగించకపోతే ఈ కాగితం తీసేసి, 13బి కొట్టేస్తే సరిపోతుంది. 1040 చెక్కుచెదరదు.

ఈ కుదురు ఎప్పుడూ ఉన్నది కాదు. 2017 పన్ను చట్టం తర్వాత ఫారాన్ని కుదించాలన్న ఉత్సాహంలో 79 లైన్ల 1040ని 23 లైన్లకు తెచ్చారు. తీసేసిన లైన్లు చాలావరకు ఆరు కొత్త షెడ్యూళ్లలోకి వెళ్లాయి. పై ఏడాదికే వాటిని మూడింటికి తగ్గించాల్సి వచ్చింది. ఫారం పొట్టిదైనంత మాత్రాన లెక్క తేలికవదని అప్పుడు తేలింది. షెడ్యూల్ 1-ఎ పొట్టిగా ఉండాలని పాకులాడలేదు. ఎన్ని పనులుంటే అన్ని లైన్లు వేసింది.

లోటు లేదని కాదు. కొన్ని భాగాల తలకట్టుల్లో ‘పన్ను లేదు’ అనే ఉంటుంది, కింద ఉన్నది మాత్రం హద్దులున్న డిడక్షన్. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు టిప్పుల మీదా ఓవర్‌టైమ్ మీదా మామూలుగానే పడతాయి. ఓవర్‌టైమ్‌లో కూడా సమాఖ్య కార్మిక చట్టం ప్రకారం ఇచ్చే ఒకటిన్నర రెట్ల వేతనంలో ఆ అర మాత్రమే లెక్కకు వస్తుంది. గంటకు 40 డాలర్ల నర్సుకు ఓవర్‌టైమ్ గంటకు 60 వస్తే, డిడక్షన్‌కు పనికొచ్చేది 20. తలకట్టు మాత్రమే చదివి ఆశపడినవారికి ఇది తెలియాలి.

అక్కడున్న తెలుగువారిలో ఇవి ఎవరికి అందుతాయి? జీతం మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో ఎక్కువమందికి ఆ కార్మిక చట్టం కింద ఓవర్‌టైమే ఉండదు. ఆసుపత్రుల్లో, రెస్టారెంట్లలో గంటల లెక్కన పనిచేసేవారికి ఉంటుంది. కారు వడ్డీకి మాత్రం వృత్తితో పనిలేదు. 2024 తర్వాత తీసుకున్న అప్పు, కొత్త బండి, చివరి బిగింపు అమెరికాలో జరిగి ఉండాలి. కెంటకీలో బిగించిన టయోటాకు వస్తుంది, జపాన్ నుంచి దిగినదానికి రాదు. అందుకే ఫారం అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే బండి నంబరు అడుగుతుంది. బండి ఏ ఫ్యాక్టరీదో అందులోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు దాదాపు అందరి లెక్కనూ సాఫ్ట్‌వేరే కడుతోంది. అయినా ఈ రెండు పేజీలను ఒకసారి పెన్ను పట్టుకుని నింపి చూడమని అడుగుతాను. మన డిడక్షన్ ఏ లైన్లో, ఎంత, ఎందుకు తగ్గిందో కంటికి కనబడుతుంది. పన్ను కట్టేవాడికి ఆ మాత్రం తెలియడం హక్కు. చట్టాన్ని ఎవరు మెచ్చినా మెచ్చకపోయినా, ఆ హక్కును 38 లైన్లలో నిలబెట్టినవారి పని మెచ్చదగ్గది.