సెప్టెంబరు 17 దగ్గర ఆగిపోయే కథ

ఏటా సెప్టెంబరు రెండో వారం వచ్చేసరికి మన పత్రికల ప్రత్యేక పేజీలు, టీవీ చర్చలు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. పదిహేడో తేదీని ఏమని పిలవాలి? విమోచనా, విలీనమా, విద్రోహమా? 2022లో కేంద్రం విమోచన దినం జరిపితే, రాష్ట్రం జాతీయ సమైక్యతా వజ్రోత్సవాలు జరిపింది. ప్రభుత్వం మారాక 2024లో అది ప్రజాపాలన దినోత్సవమైంది. పేరు మీద ఇంత పోట్లాట. కానీ ఏ పేరు పెట్టినా చాలా వ్యాఖ్యల్లో కథ ఆ తేదీతోనే ముగుస్తుంది. నల్లగొండ జిల్లా స్త్రీల అనుభవాలు చదివిన వాళ్ళకి ఆ ముగింపే అసలు అభ్యంతరం.

1948 సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి బయలుదేరిన భారత సైన్యం కోదాడ దారిన వచ్చి, సూర్యాపేట చేరింది. పైనుంచి విమానాలు దాడి చేశాయి. వెనక్కి తగ్గుతూ నిజాం సేనలు మూసీ వంతెనను పేల్చేశాయి. టాంకులు, విమానాలు, 'ఆపరేషన్ పోలో' అనే సైనిక నామం అన్నీ ఉన్న ఈ యుద్ధానికి మనం నేర్చుకున్న పేరు 'పోలీసు చర్య'. నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసివున్న సమయంలో, ఇది ఇంటి లోపలి శాంతిభద్రతల వ్యవహారమని చెప్పడానికి పనికొచ్చిన మాట అది. ప్రభుత్వానికి ఆ అవసరం ఉండొచ్చు. ఏడున్నర దశాబ్దాల తర్వాత కూడా వ్యాఖ్యాతలకి ఎందుకుండాలి?

ఈ వ్యాఖ్యల వాక్యనిర్మాణం గమనించండి. రజాకార్ల గురించి రాసేటప్పుడు కర్త ఉంటాడు: చంపారు, తగలబెట్టారు, చెరిచారు. సైన్యం వచ్చాక కర్త మాయమవుతాడు: 'కొన్ని అవాంఛనీయ సంఘటనలు జరిగాయి.' ఎవరు చేశారు? ఎవరి మీద? 'జరిగాయి' అన్న క్రియ దగ్గర దేశభక్తి తలుపు మూసేస్తుంది.

పండిట్ సుందర్‌లాల్ సంఘం 1948 చివర్లో పర్యటించి, మృతుల సంఖ్య 27,000 నుంచి 40,000 దాకా ఉండొచ్చని అంచనా వేసింది. ఎక్కువగా నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. సైన్యం చాలాచోట్ల క్రమశిక్షణ పాటించిందని కూడా ఆ నివేదికే చెప్పింది. కొన్నిచోట్ల సైనికులు లూటీల్లో, హత్యల్లో పాలుపంచుకున్నారనీ, ముస్లిం స్త్రీల మీద అత్యాచారాలు, అపహరణలు జరిగాయనీ అదే చెప్పింది. దాన్ని ప్రభుత్వం దశాబ్దాల పాటు ప్రచురించలేదు.

నల్లగొండ ఆ నాలుగు జిల్లాల్లో లేదు. ఇక్కడ సైన్యం గురి కమ్యూనిస్టులు, వాళ్ళకు అన్నం పెట్టిన ఇళ్ళు. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో రజాకార్లు పోయాక మిలిటరీ క్యాంపులు వెలిశాయి. పోరాటం మొత్తంలో నాలుగు వేల మంది చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. దళాల ఆచూకీ కోసం స్త్రీలను కొట్టడం, చెరచడం కూడా ఆయన నమోదు చేశారు. రజాకార్ల చేతుల్లో స్త్రీలు పడ్డ బాధ యుద్ధానికి కారణంగా ఏటా మన ముందుకొస్తుంది. యూనిఫాం మారాక పడ్డ బాధ సాక్ష్యానికి పనికిరాదు. స్త్రీ శరీరం మీద గాయం ఎవరు చేశారన్న దాన్నిబట్టి విలువ పొందుతోందంటే, వ్యాఖ్యాతకి కావలసింది ఆ స్త్రీ కాదు, ఆ శత్రువు.

మల్లు స్వరాజ్యం 2022 మార్చిలో చనిపోయినప్పుడు ఎక్కువ సంస్మరణలు ఆమెను నిజాంపై తుపాకి ఎత్తిన వీరనారిగానే తలచుకున్నాయి. నిజాం లొంగిపోయాక కూడా మూడేళ్ళు ఆమె అజ్ఞాతంలోనే ఉన్నారు. 1948 తర్వాత ఆమెను వెతికింది నిజాం పోలీసులు కాదు. వీరనారి అన్న బిరుదు ఇచ్చి, ఆ వీరత్వంలో సగాన్ని కొట్టేశాం.

అందుకే స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ను మళ్ళీ చదవాలనిపిస్తుంది. అందులో మాట్లాడే స్త్రీలకి పదిహేడో తేదీ పూర్ణవిరామం కాదు. బిడ్డను వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ కథలో కాలాన్ని కొలిచేది జెండాలు కాదు; ఆకలి, అడవి, కాన్పు. పార్టీ మీద కూడా ఆ పుస్తకంలోని స్త్రీలు ప్రశ్నలు వేశారు. తమ పక్షాన్నే ప్రశ్నించగల ఆ నిజాయితీ మన వార్తావ్యాఖ్యల్లో కొరవడింది. అయితే ఆ పుస్తకం పరిధి సాయుధ పోరాటం. భర్తల్నీ కొడుకుల్నీ పోగొట్టుకున్న పల్లె ముస్లిం స్త్రీల గొంతు మనం ఇంకా వెతుక్కోవలసే ఉంది.

ఇదంతా రజాకార్ల నేరాన్ని తగ్గించడానికి కాదు. ఆ నేరాన్ని ఏ కొలతతో కొలిచామో, మన సైన్యాన్నీ ఆ కొలతతోనే కొలవమనడం. వచ్చే సెప్టెంబరులో పదిహేడుకి పేరేమిటన్న చర్చ మళ్ళీ వస్తుంది. కోదాడ రోడ్డు పక్క ఊళ్ళలో పద్దెనిమిది నుంచి ఏం జరిగిందని ఒక్క వ్యాఖ్యాత అడిగినా, ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన స్త్రీలు అప్పటికే పుస్తకంలో ఉన్నారు.