ఇజ్రాయెలీ ఎవరు? పేరు, భాష, పౌరసత్వం

ఏటపల్లి నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు తరగతిలో అడిగాడు: "సార్, ఇజ్రాయెల్‌లో పుట్టి, హీబ్రూ మాట్లాడుతూ, అక్కడే పన్ను కట్టే మనిషి ఇజ్రాయెలీ కాక మరేమవుతాడు?" ప్రశ్న సులువుగానే ఉంది. తెలుగులో జవాబు చెప్పబోతే మాత్రం మన మాటలే అడ్డు తగులుతాయి.

తెలుగు బైబిలు మనకు 'ఇశ్రాయేలీయులు' అనే మాట ఇచ్చింది. అది ఒక పూర్వికుడి సంతానానికి పేరు. 1948లో ఏర్పడిన రాజ్యపు పౌరులను పత్రికలు ఒకసారి 'ఇజ్రాయెలీలు' అంటాయి, మరోసారి 'ఇజ్రాయెలీయులు' అంటాయి, ఇంకోసారి 'యూదులు' అనేస్తాయి. ఈ మూడూ ఒకటి కావు. ఆ దేశ పౌరుల్లో సుమారు అయిదో వంతు అరబ్బులు. 'యూదులు' అని రాసిన విలేకరి వాళ్లను ఒక్క మాటతో లెక్కలోంచి తీసేస్తున్నాడు.

దీనికి మన 'జాతి' తోడవుతుంది. పక్షి జాతి, స్త్రీ జాతి, తెలుగు జాతి, జాతిపిత: అన్నిటికీ అదే మాట. ఇజ్రాయెల్ చట్టం మాత్రం రెండు విషయాలను విడదీస్తుంది. 'ఎజ్రహూత్' పౌరసత్వం; 'లెఓమ్' జాతీయత. జనాభా రిజిస్టరులో లెఓమ్ కింద యూదు, అరబ్బు, ద్రూజ్ వంటి పేర్లు ఉంటాయి. 'ఇజ్రాయెలీ' ఉండదు. అది ఉండాలని కొందరు పౌరులతో కలిసి న్యాయస్థానానికి వెళ్లినవాడు ఉజ్జి ఒర్నాన్ (1923-2022), హీబ్రూ భాషాశాస్త్రవేత్త. అలాంటి ప్రత్యేక జాతీయత ఉన్నదని రుజువు కాలేదంటూ 2013లో సుప్రీంకోర్టు వారి వాదాన్ని తోసిపుచ్చింది. 2018 నాటి మౌలిక చట్టం దేశాన్ని యూదు ప్రజల జాతి రాజ్యంగా ప్రకటించింది. హీబ్రూను రాజ్యభాష చేసి, అంతవరకు అధికార భాషగా ఉన్న అరబ్బీకి 'ప్రత్యేక ప్రతిపత్తి' మిగిల్చింది.

ముగ్గురు మనుషులను ఊహించుకోండి. హీబ్రూ ఒక్క ముక్క రాని యూదుడు విమానం దిగితే 1950 నాటి పునరాగమన చట్టం అతనికి పౌరసత్వపు హక్కు ఇస్తుంది. హైఫాలో పుట్టిన అరబ్బు హీబ్రూ ధారాళంగా మాట్లాడతాడు. అతను పౌరుడే, లెఓమ్ మాత్రం అరబ్బు. టెల్ అవీవ్‌లో ఒక వృద్ధురాలికి సేవ చేస్తూ, రోజంతా ఆమెతో హీబ్రూలోనే మాట్లాడే మన తెలుగు మనిషి కూడా ఉన్నాడు. అతనికి ఆ భాష వచ్చు, ఆ ఇంటి కష్టసుఖాలు తెలుసు. వీసా గడువు ముగిస్తే తిరిగి రావాలి. 2023 అక్టోబరు 7 దాడి, ఆ తర్వాత గాజాలో సాగిన యుద్ధం ఈ గీతలను మరింత లోతుగా గీశాయి. భాష వచ్చినంత మాత్రాన చోటు రాదని ఈ మూడో మనిషిని చూస్తే తెలుస్తుంది.

ఇదే ప్రశ్న గుంటూరు జిల్లాలోనూ ఉంది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మాదిగ మూలాలున్న కొన్ని కుటుంబాలు తమను 'బెనె ఎఫ్రాయిమ్', అంటే ఎఫ్రాయిము సంతానం, అని చెప్పుకుంటాయి. క్రైస్తవం మీదుగా యూదు ఆచారాలకు వచ్చిన ఈ సమూహం మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన పుస్తకం 2013లో వచ్చింది. 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' దాని పేరు. ఆ వంశకథ నిజమా అబద్ధమా అని తీర్పు చెప్పడం కన్నా, కులం పెట్టిన అవమానం ఎదుట ఆ కథ ఏ పని చేస్తున్నదో చూడటం ఆ పుస్తకపు బలం. ఊరు తక్కువగా చూసిన గొడ్డుమాంసపు తిండి, శవాన్ని పూడ్చే ఆచారం ఈ కథలో పూర్వికుల ఆనవాళ్లవుతాయి.

ఈ వాదనలో తెలుగు, హీబ్రూ పదాల పోలికలు కూడా వినిపిస్తాయి. అక్కడ నేను ఒప్పుకోలేను. తెలుగు ద్రావిడ భాష, హీబ్రూ సెమిటిక్ భాష. నాలుగు మాటలు ఒకేలా వినిపిస్తే చుట్టరికం కాదు. ధ్వనులు ఒక క్రమంలో సరిపోవాలి. హీబ్రూ బైబిలులో నెమళ్లను 'తుక్కియ్యీమ్' అన్నారు. అది తమిళ 'తోకై' నుంచి వెళ్లిందని చాలామంది పండితుల అభిప్రాయం. మన 'తోక' దానికి తోబుట్టువే. అది చూపేది ఓడల వర్తకాన్ని, రక్తసంబంధాన్ని కాదు. అయితే వ్యుత్పత్తి తప్పినంత మాత్రాన ఆ కుటుంబాల గౌరవం తప్పిపోదు. మర్యాదగా బతకడానికి మనిషి భాషాశాస్త్రజ్ఞుడి దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోనక్కరలేదు.

గుర్తింపు ఇచ్చేవాళ్లు కూడా ఒకే మాట మీద నిలవలేదు. మన మహారాష్ట్రలోనే కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ ఉన్నారు. శనివారం గానుగ ఆపేవారు కాబట్టి వారిని 'శనివార్ తేలీ' అన్నారు. ఇజ్రాయెల్ వెళ్లాక వారి పెళ్లిళ్ల విషయంలో అక్కడి రబ్బీలు వంశం గురించి అనుమానాలు లేవనెత్తారు. వారు నిరసనకు దిగారు. 1964లో గాని పూర్తి యూదులుగా గుర్తింపు స్థిరపడలేదు. చిత్రమేమంటే వారిలో పెద్దలు అక్కడా మరాఠీ మరచిపోలేదు.

ఇక మన గడపలోకి వద్దాం. సిరొంచలో 1940లో పుట్టిన మనిషి ఊరు కదలకుండానే మధ్యప్రదేశ్ (1950), బొంబాయి (1956), మహారాష్ట్ర (1960) చూశాడు. 1982లో జిల్లా కూడా మారింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. హైదరాబాదు వెళ్తే మరాఠీవాడంటారు, నాగపూరు వెళ్తే తెలుగువాడంటారు. ఆ నొప్పి నాకు తెలుసు. దానికి మందుగా మనలో కొందరు ఊరిపేర్లు ఏరుతారు: ఏటపల్లిలో 'పల్లి' ఉంది కాబట్టి అది మన నేల అంటారు. 'పల్లి' ద్రావిడ భాషలకు ఉమ్మడి మాట. పైగా ఏటపల్లి అడవిలో తరతరాలుగా ఉన్నవారు మాడియాలు. వారి భాష గోండీ శాఖది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణలో తెలుగూ గోండీ ఒకే దక్షిణ-మధ్య ద్రావిడ శాఖవి. చుట్టరికం చెప్పుకోవచ్చు గాని, దాన్ని పట్టా కాగితం చేయకూడదు.

ఆ విద్యార్థి మాడియా. ఇంట్లో మాడియా, సంతలో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడతాడు. వాడి ప్రశ్న ఇజ్రాయెల్ గురించి మాత్రమే కాదని నాకు ఆలస్యంగా తోచింది. లెఓమ్ గడిలో 'ఇజ్రాయెలీ' లేకపోవడం మనకు వింతగా ఉంటే, మన తెలుగు సభల్లో వాడు ఏ గడిలో కూర్చోవాలో కూడా మనమే చెప్పాలి. నా మటుకు, తెలుగు మాట్లాడేవాడికి తెలుగులో చోటుండాలి. తాత ఎవరని అడగకూడదు. ఇంట్లో మరో భాష ఉందని ఆ చోటు తగ్గించనూ కూడదు.